మూడో గేటు

ఈసారి సెలవులకి ఫ్రాన్సు వెళ్దామని మా ఆయన పట్టుబట్టాడు. పారిస్ కాదట, పారిస్ అందరూ చూసేదేనట. అక్కడ పల్లెపట్టున ఒక నది లోయ ఉందట. లోయ పొడుగునా కాలిబాటలేనట. పొద్దున్న ఒక ఊళ్ళో కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంకో ఊరు చేరతామట. దారిలో ద్రాక్షతోటలూ రాతి వంతెనలూ పాతకాలపు నీటిమరలూ తగులుతాయట. ఆఫీసులో ఎవరో నడిచొచ్చి ఫోటోలు పంపారు. ఆదివారం భోజనాలయ్యాక, పాపకూర అనే పేటలోని మా ఇంట్లో, వాటిని టీవీలో ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. మా నాన్న సోఫాలో కునికిపాట్లు పడుతూ చూస్తున్నాడు. మా అమ్మాయి కార్పెట్ మీద బోర్లా పడుకుని చూస్తోంది. నేను సింకు దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తూ చూస్తున్నాను.

ఒక ఫోటోలో ఏటి పక్కన పచ్చిక, పచ్చికలోంచి సన్నటి దారి, ఆ దారిలో బార్లా తీసి ఉన్న చెక్క గేటు. పక్కన ఫ్రెంచిలో ఏదో బోర్డు. అందులో ఏం రాసుందని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. మా ఆయనకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా తడుముకోకుండా, "గేటు వేసి వెళ్ళమని అయ్యుంటుందిలే" అన్నాడు.

నా చేతిలో గిన్నె జారి సింకులో పడింది. ఆ చప్పుడుకి మా నాన్న కునుకు వదిలింది. గేటన్న మాట చెవిన పడగానే ఆయన మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ నవ్వు వెనకే ఒక కథ వస్తూ ఉంది. ఆ కథలో నవ్వులపాలయ్యేది మా తాతయ్య. అది సగం కథేనని తెలిసినదాన్ని ఇప్పుడు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

మేం ఈ దేశం వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న వంతెనల ఇంజనీరు. క్రైస్ట్‌చర్చ్‌లో ఇటుక పొగగొట్టం ఉన్న ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. వీధి చివర పాలూ బ్రెడ్డూ అమ్మే డైరీ, దాని వెనక రాతి చర్చి, చర్చి గోడ మీద ఎప్పుడూ ఒకే పిల్లి. అవన్నీ తర్వాత భూకంపంలో పోయాయి. పిల్లి సంగతి తెలియదు. ఇప్పుడు ఆ వీధికి వెళ్తే ఏ ఇల్లు ఎక్కడుండేదో నేను కూడా చెప్పలేను. నేను చెప్పేది అంతకు చాలా ముందు మాట.

నాకు పదకొండేళ్ళప్పుడు, వేసవిలో, మా నాన్నకి ఊరికి గంటన్నర దూరంలో ఒక లోయలో వంతెన బాగుచేసే పని పడింది. పూర్వం ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చినవాళ్ళు కాపురం పెట్టిన చోటట అది. వీధులకి ఇప్పటికీ ఫ్రెంచి పేర్లే. మా నాన్న అక్కడ ఒక బాచ్ అద్దెకి తీసుకున్నాడు. బాచ్ అంటే ఇక్కడివాళ్ళు సెలవుల్లో వాడుకునే చిన్న చెక్క ఇల్లు. తలుపు తీయగానే చెమ్మ పట్టిన పరుపుల వాసన కొట్టింది. మా అమ్మ ఇంగువ పోపు రెండురోజుల్లో ఆ వాసనని తరిమేసింది. తర్వాత మా అమ్మకి ఆ ఊరి వృద్ధాశ్రమంలో పని దొరికింది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ తాతయ్యా.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. అమ్మమ్మ పోయాక ఆరు నెలలు మాతో ఉండి వెళ్దామని వచ్చాడు. కృష్ణ కాలవ కింద వ్యవసాయం చేసిన మనిషి. పొలం తప్ప ఇంకో లోకం తెలియదనుకునేవాళ్ళం గానీ, ఆయనకి మనుషులూ పశువులూ మొక్కలూ అన్నీ తెలుసు. ఇంగ్లీషు ఒక్కటే తెలియదు. వస్తూ వస్తూ పెట్టెలో దొండతీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో పట్టుకుని చెత్తలో వేశారు. ఆ దుఃఖం ఆయనకి చివరిదాకా తీరలేదు.

రోజూ పొద్దున్న టిఫిన్ అవగానే నడకకి బయల్దేరేవాళ్ళం. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, మా నాన్న పాత స్వెట్టరు, మంకీ క్యాపు, మా అమ్మ కొనిచ్చిన గమ్‌బూట్లు, భుజాన ఎర్రంచు తువ్వాలు. ఆ వేషంలో ఆయన రోడ్డు మీద నడుస్తుంటే కార్లలో వెళ్ళేవాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు. ఆయనా ఊపేవాడు. "మంచివాళ్ళే, ముక్కూ మొహం తెలియకపోయినా పలకరిస్తారు" అనేవాడు. నేను మాత్రం పది అడుగులు వెనక నడిచేదాన్ని.

దారి బాచ్ వెనకే మొదలయ్యేది. ముందు ఏటి పక్కన విల్లో చెట్ల కింద చల్లగా కొంత దూరం. ఆ తర్వాత గొర్రెల పొలాల్లోంచి ఎక్కుడు. పైన జలపాతం. దారి పక్కన ఎక్కడ చూసినా సోంపు మొక్కలు, కలుపులాగా మనిషెత్తున పెరిగి ఉండేవి. ఎండ పడితే లోయంతా సోంపు వాసన. తాతయ్య చిగుళ్ళు తుంచి నమిలేవాడు, నాచేత నమిలించేవాడు. మన దగ్గర డబ్బాలో పెట్టి దాచుకునేదాన్ని ఇక్కడ రోడ్డున పారేశారని ఆశ్చర్యపోయేవాడు. రోడ్డు పక్కనవి తింటున్నారని మా అమ్మ ఇద్దర్నీ తిట్టేది. మేం నోళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చేవాళ్ళం. అయినా ఊపిరి వాసన దాగుతుందా?

ఒక పెద్ద వాల్‌నట్ చెట్టు కింద కూర్చుని తినేవాళ్ళం. ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో పెరుగన్నం, మూత మీద ఆవకాయ ముక్క. ఆ చెట్లని ఫ్రాన్సు వాళ్ళు మొక్కలుగా తెచ్చి నాటారని మా నాన్న చెప్పింది నేను తాతయ్యకి చెప్పాను. ఆయన చెట్టుని కింది నుంచి పై దాకా చూశాడు. "వాళ్ళ పెట్టెలు ఎవడూ విప్పి చూడలేదన్నమాట" అన్నాడు. దొండతీగ ఇంకా ఆయన కళ్ళలో ఉంది.

ఆ పొలాల ఆసామి కూడా ముసలాయనే. ఎప్పుడైనా దూరంగా తన యూట్ ట్రక్కులో కనిపించి ఒక వేలు ఎత్తేవాడు. ఇక్కడ పలకరింపు అంటే అంతే. ఆయన కుక్క మాత్రం పరుగెత్తుకొచ్చేది. తాతయ్య దాంతో తెలుగులోనే మాట్లాడేవాడు. "కూర్చో" అంటే కూర్చునేది. నా తెలుగు కంటే దాని తెలుగు నయమని ఏడిపించేవాడు.

ఆ దారిలో మూడు గేట్లుండేవి. పొలం పొలానికీ మధ్య కంచె, కంచెలో గేటు, నడిచేవాళ్ళు తీసుకుని వెళ్ళాలి. మొదటి గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. మొదటి రోజే తాతయ్య దాని ముందు ఆగి, "ఏం రాశాడే అందులో?" అని అడిగాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఆయన వచ్చినప్పటి నుంచీ నాకదే పని. పాలసీసా మీద ఏం రాశాడు, బస్సు మీద ఏం రాశాడు, ఆ పిల్లాడి చొక్కా మీద ఏం రాశాడు. చదివి చదివి విసుగెత్తిపోయాను. దానికి తోడు ఆ రోజు, సెలవులకి ఆ ఊరు వచ్చిన మా బడి పిల్లలు ఇద్దరు జలపాతం వైపు నుంచి దిగి వస్తున్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటు. పంచె కట్టుకున్న ఈ మనిషితో నన్ను చూస్తారన్న భయంలో బోర్డు వైపు కూడా సరిగ్గా చూడకుండా, "గేటు వేసి వెళ్ళమని" అని చెప్పేసి ముందుకి నడిచాను.

తాతయ్యకి ఆ మాట ఎంత నచ్చిందో. గేటు వేసి, గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూసి మరీ వచ్చాడు. మా ఊళ్ళో దడి తీసి వదిలేసేవాడికి పిల్లనివ్వరని చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఎవరో దడి వేయడం మరిచిపోతే గేదెలు పడి నారుమడంతా మేసేశాయట, ఆ ఏడు ఊడ్పులకి పొరుగూరి నుంచి నారు తెచ్చుకున్నారట. ఈ దేశంలో కూడా మన పద్ధతే ఉందని ఆయనకి ధైర్యం వచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆయనకి తెలిసిన పద్ధతుల్లో పనికొచ్చింది అదొక్కటే మరి.

మొదటి రెండు గేట్లూ ఎప్పుడూ వేసే ఉండేవి. తీసి, దాటి, వేసేవాళ్ళం. ఏ గొడవా లేదు. రెండో గేటు దాటాక చెట్టు కింద తిని వెనక్కి వచ్చేసేవాళ్ళం. మూడో గేటు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఒకరోజు జలపాతం చూద్దామని నేనే మారాం చేశాను. వాయవ్యం నుంచి వేడిగాలి కొడుతున్న రోజులు. కొండలన్నీ ఎండి గోధుమరంగు తిరిగాయి. మూడో గేటు దగ్గరికి చేరేసరికి అది బార్లా తీసి ఉంది. పైనున్న పొలంలో గొర్రెలు, నీళ్ళ తొట్టి కింది పొలంలో. తాతయ్య "ఎవడో బుద్ధిలేనివాడు తీసి వదిలేశాడు" అని గేటు లాక్కొచ్చి వేశాడు. గొళ్ళెం సరిగ్గా పడలేదు. తువ్వాలు అంచు సన్నగా చింపి, ముడి మీద ముడి వేసి కట్టాడు.

అక్కడా బోర్డు ఉంది. ఈసారి చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను చదివాను. గేట్లు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్ళమని రాసుంది. అర్థం కాకపోవడానికి ఏమీ లేదు.

చెప్పబోయాను. చెప్తే మొదటిరోజు చదవకుండా చెప్పానని తెలిసిపోతుంది. పైగా జలపాతం చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. గేటు వేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ రోజు జలపాతం కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుని, తిరిగేటప్పుడు కొండ మీది రోడ్డు పట్టుకుని ఇంకో వైపు నుంచి ఇంటికి వచ్చాం. ఆ తర్వాత మూడు రోజులు మా అమ్మకి సెలవు. ఇంటి పట్టునే ఉండి బూరెలు వండుకున్నాం.

నాలుగో రోజు పొద్దున్న ఆసామి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. ఇంకో చేతిలో ఎర్రంచు గుడ్డపీలిక.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. భార్య పట్నంలో ఆసుపత్రిలో ఉంటే మూడు రోజులు అక్కడే ఉండిపోయాడట. వచ్చి చూస్తే గొర్రెలన్నీ మూడో గేటుకి అతుక్కుని ఉన్నాయట, కింద తొట్టిలో నీళ్ళు కనబడుతూనే ఉన్నాయి వాటికి. ఒకటి అక్కడే పడి చచ్చిపోయింది. ఇంకొకటి నీళ్ళకోసం నిటారు గట్టు దిగబోయి వాగులోకి జారి మెడ విరిగి చచ్చింది. మిగిలినవి లేవలేకుండా ఉన్నాయి. ఇంతా చెప్పి ఆ పీలిక మా నాన్న చేతిలో పెట్టాడు. తాతయ్య భుజం మీద అంచు చిరిగిన తువ్వాలు అలాగే ఉంది.

మా నాన్న మొహం ఎర్రబడింది. అంతా తెలుగులో తాతయ్యకి చెప్పి, బోర్డు ఉండగా ఇలా ఎందుకు చేశారని అడిగాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెప్తాడు, చెప్పాలి కూడా, అనుకున్నాను. తాతయ్య నా వైపు చూడనైనా లేదు.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు బాబూ. తెలుసుకోకుండా వేశాను. తప్పు నాదే. ముందు నన్ను వాటి దగ్గరికి తీసుకెళ్ళమను" అన్నాడు.

యూట్‌లో ఇరుక్కుని వెళ్ళాం. మా నాన్న పనికి వెళ్ళాలి కాబట్టి మాట్లాడడానికి నన్ను తీసుకెళ్ళారు గానీ నా అవసరమే పడలేదు. తాతయ్య తిన్నగా పడిపోయిన గొర్రెల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కసారిగా కడుపునిండా నీళ్ళు పెట్టకూడదని ఆయనకి తెలుసు, ఆసామికీ తెలుసు. ఇద్దరు ముసలాళ్ళూ చెరో బకెట్టు పట్టుకుని, ఒక్కొక్కదాని తల ఒళ్ళో పెట్టుకుని, కాసిని కాసిని తాగిస్తూ నీడకి మోస్తూ మధ్యాహ్నం దాకా పనిచేశారు. ఒకరి మాట ఒకరికి రాదు. "అమ్మా, తాగమ్మా" అని తాతయ్య వాటితో అంటూనే ఉన్నాడు. పడిపోయినవన్నీ లేచాయి.

ఆసామి చచ్చిన గొర్రెల్ని ట్రక్కులోకి ఎక్కించుకుంటుంటే తాతయ్య గేటు దగ్గరికి వచ్చాడు. నన్ను పిలిచాడు. బోర్డు చూపించి, "ఇప్పుడు చదువు" అన్నాడు.

చదివాను. ఎలా ఉన్న గేటుని అలాగే వదిలి వెళ్ళండి అని.

"మంచి మాట. వేసుంటే వేసి, తీసుంటే తీసి. వాడి పొలం సంగతి వాడికి తెలుస్తుంది కదా" అన్నాడు. గొళ్ళెం మీద చెయ్యి వేసి, "కింద గేటు దగ్గర చదివే చెప్పావా?" అని అడిగాడు.

లేదన్నాను.

"మరి ఇక్కడ?"

చదివానన్నాను. ఏడుపు వచ్చేసింది. తిడతాడనుకున్నాను. ఆయన తువ్వాలుతో నా మొహం తుడిచాడు. దానికి గొర్రెల వాసన వేస్తోంది.

"మీ నాన్నకి నేను చెప్పను. అది నువ్వు చెప్పుకోవలసిన మాట. నువ్వు చెప్పినరోజు మళ్ళీ ఇద్దరం నడకకి వద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం మా నాన్న తాతయ్యని ఇక కొండల మీదికి వెళ్ళొద్దన్నాడు. ఇక్కడి పద్ధతులు మీకు తెలియవు మామయ్య గారూ, ఇంకేదైనా జరిగితే నేను ఈ ఊళ్ళో పని చేయలేను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తాతయ్య "సరే బాబూ" అన్నాడు. అన్నం తింటూ నేను తల వంచుకుని కూర్చున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు చెప్దామనుకున్నాను.

రేపు, ఎల్లుండి, అలా నెల గడిచింది. పొద్దున్నే లేవడం మానేశాను. ఆయన ఎదురుపడతాడని దుప్పటి ముసుగులో పడుకుని, అమ్మా నాన్నా వెళ్ళి చాలాసేపయ్యాక లేచేదాన్ని. నేను లేచేసరికి ఆయన వరండాలో చెక్క కుర్చీలో కూర్చుని ఉండేవాడు. గమ్‌బూట్లు శుభ్రంగా తుడిచి తలుపు పక్కన పెట్టి ఉండేవి. ఎదురుగా ఏటి గట్టున విల్లో చెట్లు, వాటి కింద దారి కనబడుతూ ఉండేది. గాలి అటు నుంచి వీస్తే సోంపు వాసన వచ్చేది. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. నాకు ఏమాత్రం తెలుగు రాయడం వచ్చినా అది ఆ వరండాలో ఆయన దిద్దించిందే. నడక మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఒక ఆదివారం ఆసామి వచ్చాడు. కాగితం సంచి నిండా కిందటేడాది వాల్‌నట్లు తెచ్చాడు. గొర్రెల్ని కింది పొలాలకి దింపుతున్నానని, ముసలాయన తోడొస్తే బాగుంటుందని మా నాన్నని అడిగాడు. మా నాన్న ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని చెప్పి థాంక్యూ అన్నాడు. తాతయ్య నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. "నిన్ను గొర్రెల దగ్గరికి రమ్మంటున్నాడు తాతయ్యా. నాన్న నీకు ఒంట్లో బాలేదన్నాడు."

"అయితే బాలేదులే" అన్నాడు తాతయ్య. ఆసామికి దణ్ణం పెట్టి, కుక్క తల నిమిరి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆయన మా ఊరు తిరిగి వెళ్ళిపోయాక ఆ గేటు మా నాన్నకి కథ అయింది. ఉగాది పార్టీల్లో, పుట్టినరోజుల్లో, ఎవరైనా అమ్మానాన్నల్ని పిలిపించుకున్నామంటే చాలు, మా మామగారు గేటు వేసి గొర్రెల్ని చంపిన కథ చెప్పేవాడు. పంచె, గమ్‌బూట్లు, ముడి మీద ముడి, అన్నీ నటించి చూపించేవాడు. అంకుళ్ళూ ఆంటీలూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసినదాని నోరు పెగలకపోతే ఎలా తెలుస్తుంది? తాతయ్య పోయిన తర్వాత కూడా ఆ కథ ఆగలేదు. ఆయన్ని తలుచుకోవడానికి మా ఇంట్లో మిగిలిన కథ అదే అయిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆ లోయకి ఒక్కదాన్నే వెళ్ళాను. గొర్రెలు లేవు. పొలాలని అడవికి వదిలేశారట, కొండంతా గుబురుగా పెరిగిపోయింది. బాచ్ ఉన్న చోట ఇంకెవరిదో అద్దాల ఇల్లు. మూడో గేటు దగ్గర రెండు గుంజలు మాత్రం మిగిలాయి. వాల్‌నట్ చెట్టు ఉంది. దాని కింద కూర్చున్నాను గానీ, తెచ్చుకున్నది తినబుద్ధి కాలేదు.

"గేటంటే గుర్తొచ్చింది" అన్నాడు మా నాన్న సోఫాలోంచి, మా అమ్మాయిని చూస్తూ. "మీ అమ్మ వాళ్ళ తాతయ్య కథ నీకు చెప్పానా?"

మా అమ్మాయి అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. నేను చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, ఆ బోర్డు మీద వేయమని రాసుందని ఆయనకి చెప్పింది నేను. చదవకుండా చెప్పాను. మూడో గేటు దగ్గర చదివి కూడా నోరు మూసుకున్నాను."

మా ఆయన టీవీ ఆపేశాడు. మా నాన్న, "ఆయనకి తెలుసా?" అని అడిగాడు.

"ఆ రోజే తెలుసు. నీకు నేనే చెప్పుకోవాలన్నాడు. చెప్పినరోజు మళ్ళీ నడకకి వెళ్దామన్నాడు."

మా నాన్న కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాని కాడలు మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

"నెల రోజులు" అన్నాడు. "నేను పనికి వెళ్ళే వేళకి రోజూ గమ్‌బూట్లు తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, వరండాలో తయారుగా కూర్చునేవాడు. వెళ్ళొద్దని చెప్పాక కూడా ఎందుకు తయారవుతాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, ఏమో బాబూ, ఎవరైనా పిలుస్తారేమోనని, అనేవాడు."

నేను లేచే వేళకి ఆ బూట్లు విప్పి తలుపు పక్కన ఉండేవి. తుడిచి ఉండేవి కాబట్టి ఆయన వాటిని వేసుకోవడమే లేదనుకున్నాను.